ఇంట్లో కట్టుకున్న చిన్న విమానం: ల్యాండింగ్ గేర్ అతుకులు బాగుచేయడం, బలపరచడం

విమానం గట్టిగా దిగిందంటే అందరూ ముందు టైరు చూస్తారు, తర్వాత ఆక్సిల్ (చక్రం ఇరుసు) చూస్తారు, గేర్ లెగ్ (చక్రాన్ని బాడీకి కలిపే కాలు) వంగిందేమోనని నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఒక కన్ను మూసి చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. కానీ దెబ్బ దాక్కునేది లెగ్ బాడీలోకి దూరే చోట. లెగ్‌ని వంగి మళ్లీ లేచేలాగే తయారుచేస్తారు. దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు, బోల్టు, వాటి వెనక ఉన్న బల్క్‌హెడ్ (బాడీలోని అడ్డగోడ) రేకు మాత్రం వంగకూడదు, కదలకూడదు. తలుపు ఎంత మంచి టేకుదైనా మడతబందు స్క్రూలు గుమ్మంలోంచి ఊడొస్తే తలుపు కింద పడుతుంది, ఇక్కడా అదే జరుగుతుంది.

ఇది రెండు సీట్ల కిట్ విమానాల కోసం రాస్తున్నాను. జెనెయిర్ సీహెచ్ 701లా బాడీ కింద ఒకే ముక్క అల్యూమినియం స్ప్రింగ్ ఉన్నవి, టెయిల్‌వీల్ ఆర్‌వీ-7లా స్టీలు కడ్డీ లెగ్ వెళ్లి ఇంజిన్ మౌంట్ సాకెట్‌లో కూర్చునేవి, పైపర్ కబ్ తరహాలో పైపు ఫ్రేమూ రబ్బరు తాళ్లూ ఉన్నవి, అన్నిటికీ చాలావరకు పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్పేస్తాను. గేర్ అటాచ్‌మెంట్ అంటే ప్రధాన నిర్మాణం. వీటీ నంబరు (భారత రిజిస్ట్రేషన్) ఉన్న విమానమైతే, రిపేరు ఎలా చేయాలో డిజైన్ చేసినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నియమాల ప్రకారం సంతకం పెట్టే అధికారం ఉన్న ఇంజినీరు చూడకుండా గాల్లోకి తీసుకెళ్లకండి. కింద చెప్పేవన్నీ ఆ మనిషితో కూర్చుని మాట్లాడేటప్పుడు మీకు విషయం తెలిసి ఉండాలని.

ముందు లెక్క. ఇది చెయ్యకుండా ప్లేటు మందం పెంచేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. విమానం పూర్తి బరువు 450 కిలోలు అనుకుందాం. దిగేటప్పుడు నేల మీద నుంచి వచ్చే తాకిడి బరువుకి 3 రెట్లు అనుకుంటే 1350 కిలోలు, ఒక్కో చక్రానికి 675. దానికి 1.5 రెట్ల భద్రత కలిపితే ఒక చక్రం కింద సుమారు 1010 కిలోలు. ఇంతవరకు బానే ఉంది. ఇప్పుడు చక్రం బయటి బ్రాకెట్టు నుంచి 60 సెంటీమీటర్లు బయటికి ఉంది, లెగ్ లోపలి కొస బోల్టు ఆ బ్రాకెట్టుకి 20 సెంటీమీటర్లు లోపల ఉంది అనుకోండి. 60ని 20తో భాగిస్తే 3. అంటే లోపలి బోల్టు మీద 3030 కిలోల లాగుడు పడుతుంది, బయటి బ్రాకెట్టు మీద రెండూ కలిసి 4040 కిలోల ఒత్తిడి పైకి తన్నుతుంది. చక్రం దగ్గర ఒక టన్ను ఉన్నది బాడీ దగ్గరికి వచ్చేసరికి నాలుగు టన్నులైంది. ఏఎన్5 బోల్టు, అంటే విమానాలకి వాడే ఏఎన్ ప్రమాణపు బోల్టుల్లో 5/16 అంగుళాలది, లాగుడులో తెగేది 6500 పౌండ్ల దగ్గర, సుమారు 2950 కిలోలు. ఒక్కటి పెడితే కొద్దిలో చాలదు, రెండు పెడితే హాయిగా మోస్తాయి. కానీ ఆ రెండు బోల్టులూ పట్టుకున్న రేకు మోస్తుందా? అసలు ప్రశ్న అది. మీ విమానం కొలతలు టేపు పెట్టి తీసుకుని ఇదే లెక్క కాగితం మీద వేసుకోండి. దీనికి తోడు బ్రేకు వేసినప్పుడు, టైరు నేల తాకి తిరగడం మొదలైనప్పుడు లెగ్‌ని వెనక్కి లాగే బలం ఉంటుంది, అడ్డగాలిలో వంకరగా దిగితే పక్కకి తోసే బలం ఉంటుంది. అమెరికాలో చిన్న విమానాల నిబంధనలైన పాత ఎఫ్‌ఏఆర్ పార్ట్ 23లో, అంటే 2017లో తిరగరాయకముందు ఉన్నదాంట్లో, పక్క బలాన్ని విమానం బరువులో 0.83 వంతుగా తీసుకోమని ఉండేది. తక్కువేం కాదు. నేను చూసినంతలో బ్రాకెట్టు బీటల్లో ఎక్కువ భాగం ఈ పక్క తోపుళ్ల వల్లే.

ఇక విప్పడం. పెట్రోలు తీసేయండి, బ్యాటరీ వైరు పీకేయండి. జాకీని రెక్క స్పార్ (రెక్కని మోసే ప్రధాన దూలం) దగ్గరో, డిజైనర్ చెప్పిన చోటో పెట్టాలి, రేకు కింద పెట్టకూడదు. లేపాక గట్టి ట్రెసిల్స్ (స్టాండ్లు) మీద కూర్చోబెట్టండి, తోక దగ్గర ఇసుక బస్తాలు కట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందకి దూరకండి. బోల్టులు విప్పకముందే చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ, పక్కలకీ గట్టిగా ఊపించండి. ఊపడానికి ఇంకో మనిషిని పెట్టుకుని, మీరు లోపల సీటు తీసేసి బ్రాకెట్టు మీద వేలు ఆనించి ఉంచండి. కంటికి కనబడని కదలిక వేలికి తెలుస్తుంది. టక్కుమని చప్పుడొస్తే అది ఎక్కడినుంచో తేలేదాకా ఏమీ విప్పొద్దు, విప్పాక ఆ ఆధారం పోతుంది.

తర్వాత చూపు. రివెట్ల చుట్టూ నల్లటి మసి చారలు గాలి వీచిన వైపుకి సాగి ఉంటే ఆ రివెట్టు వదులై లోపల రాసుకుంటోందని. అది అల్యూమినియం పొడి. స్టీలు బ్రాకెట్టు దగ్గర కోకో పొడిలా ఎర్రగా ఉంటే అక్కడా రాపిడే, దాన్ని మామూలు తుప్పు అనుకుని తుడిచేయకండి. రంగు మీద సన్నటి గీత కనబడితే రంగు గీకి పది రెట్ల భూతద్దంతో చూడండి. అనుమానం మిగిలితే డై పెనెట్రెంట్ వాడండి. మూడు స్ప్రే డబ్బాలుంటాయి: శుభ్రం చేసేది, ఎర్ర రంగుది, తెల్ల పౌడరుది. రంగు కొట్టి పది నుంచి ముప్పై నిమిషాలు వదిలి, గుడ్డకి క్లీనరు పూసి తుడిచి (నేరుగా భాగం మీద క్లీనరు కొట్టేస్తే బీటలోని రంగు కూడా కొట్టుకుపోతుంది), పౌడరు కొట్టాలి. బీట ఉంటే తెలుపులో ఎర్ర గీత పైకి వస్తుంది. మన విజయనగరంలో ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో మధ్యాహ్నం లోహం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అప్పుడు రంగు లోపలికి పోకముందే ఎండిపోతుంది, అందుకని ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. స్టీలు భాగాలకి మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతం, ఇనుప పొడితో బీట వెతికేది) ఇంకా మంచిది, విశాఖలో ఫ్యాక్టరీలకీ ఓడల పనులకీ ఈ పరీక్షలు చేసేవాళ్లు ఉంటారు, భాగం విప్పి పట్టుకెళ్తే చాలు.

బీట దొరికింది. ఇప్పుడు వెంటనే బాగుచేయకండి, అది ఎందుకు వచ్చిందో ముందు తేల్చండి. కన్నం సాగిపోయి బోల్టు ఆడుతుండటం వల్లా, బ్రాకెట్టు మూల గుండ్రంగా కాక పదునుగా కోయడం వల్లా, ఇదివరకు ఎవరో వేసిన మందపాటి ప్లేటు అంచు దగ్గర బలం ఒక్కసారిగా ఆగిపోవడం వల్లా, లేక ఒక్క చెడ్డ ల్యాండింగ్ వల్లా? కారణం మిగిలితే కొత్త భాగమూ అక్కడే పగులుతుంది.

కన్నాల సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం రోగం ఇక్కడే. సాగిన కన్నంలో కొత్త బోల్టు బిగించి టార్క్ (తిప్పి బిగించే బలం) ఎక్కువ పెడితే ఆట పోయినట్టు అనిపిస్తుంది, నాలుగు ల్యాండింగులకి మళ్లీ మొదలు. సరైన పని, కన్నాన్ని తర్వాతి సైజుకి రీమ్ చేయడం, అంటే రీమర్ అనే పనిముట్టుతో కన్నం గోడని సన్నగా చెక్కి ఖచ్చితమైన సైజుకి తేవడం. డ్రిల్ బిట్టుతో నేరుగా పూర్తి సైజు కొట్టొద్దు. డ్రిల్లు కన్నాన్ని మూడు మూలలుగా, వదులుగా చేస్తుంది. కొంచెం తక్కువ సైజు డ్రిల్లు కొట్టి, ఆఖరి కాస్తా రీమర్‌తో నెమ్మదిగా, నూనె వేస్తూ, తిప్పిన దిక్కులోనే తిప్పుతూ తీయాలి. ఏఎన్ బోల్టు ఒళ్లు అసలు సైజు కన్నా వెంట్రుకవాసి తక్కువుంటుంది, పావు అంగుళం బోల్టు 0.246 నుంచి 0.249 అంగుళాల మధ్య వస్తుంది. కాబట్టి చేతిలో ఉన్న బోల్టుని మైక్రోమీటరుతో కొలిచి దానికి తగ్గ రీమర్ తీసుకోండి. బోల్టు బొటనవేలితో బిగుతుగా తోస్తే వెళ్లాలి. సుత్తితో కొడితే గానీ వెళ్లకపోతే ఎక్కువ బిగువు, దానంతట అదే జారితే వదులు.

సైజు పెంచేముందు అంచు దూరం చూడాలి. కన్నం నడిబొడ్డు నుంచి లోహం అంచు దాకా బోల్టు మందానికి కనీసం రెండు రెట్లు ఉండాలి. పావు అంగుళం బోల్టుకి 12.7 మి.మీ. సరిపోతుంది, దాన్నే 5/16కి పెంచితే 15.9 మి.మీ. కావాలి. బ్రాకెట్టు మీద 13 మి.మీ.యే ఉంటే కన్నం పెంచే దారి మూసుకుపోయింది, కొత్త బ్రాకెట్టు చేయాల్సిందే. పెద్ద బోల్టు వేశాం కదా బలమొచ్చిందని సంతోషపడితే, బోల్టు ఉంటుంది గానీ అంచు చినిగిపోతుంది.

రేకు భాగానికి వద్దాం. బల్క్‌హెడ్ రేకులో చిన్న బీట వస్తే దాని కొసన చిన్న కన్నం కొట్టి ఆపడం చాలామందికి తెలుసు. అది బీటని ఆలస్యం చేస్తుంది, బలాన్ని తిరిగి ఇవ్వదు. గేర్ బరువు మోసే రేకులో అది ఒక్కటే చేసి వదిలేయడం రిపేరు కిందకి రాదు. వీలైతే భాగం మార్చేయండి. మార్చలేకపోతే డబ్లర్ (పైన వేసే అదనపు రేకు) వేయాలి, అదే మిశ్రమ లోహం, అసలు రేకు కంటే ఒక గేజి ఎక్కువ మందం, రేకు 2024-టీ3 రకం అల్యూమినియం అయితే డబ్లర్ కూడా 2024-టీ3. హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం రేకు కిటికీలకీ కూరగిన్నెలకీ బాగుంటుంది, ఇక్కడికి పనికిరాదు. డబ్లర్ ఎక్కడ ఆగాలి అన్నదే అసలు పనితనం. బీట చుట్టూ నాలుగు అంగుళాలు వేసి ఊరుకుంటే ఆ అంచు దగ్గర కొత్త బీట పుడుతుంది. పక్క ఫ్రేము దాకానో, లాంజిరాన్ (బాడీ పొడవునా సాగే దూలం) దాకానో తీసుకెళ్లి అక్కడ కలపండి, బలం మోయగలిగిన వాటికి అప్పగించండి. కొసలు ఒకే అడ్డగీతలో ఆపకుండా వాలుగా కోయండి, మూలలు గుండ్రంగా తీయండి, కోసిన అంచుల్ని ఆకురాయితో, ఆ తర్వాత ఎమరీ కాగితంతో గీత కనబడనంత నున్నగా చేయండి. అంచు మీద మిగిలిన ఒక్క గాటు రేపటి బీటకి మొదలు.

రివెట్లు లెక్కపెట్టి వేయండి. 1/8 అంగుళం ఏడీ రకం ఘన రివెట్టు ఒక్కొక్కటి కోతలో 388 పౌండ్లు, అంటే 176 కిలోలు మోస్తుంది. మీ లెక్కలో ఆ డబ్లర్ గుండా 1400 కిలోలు వెళ్లాలంటే ఒక్కో వైపు ఎనిమిదికి తక్కువ కాకూడదు, నేనైతే పది వేస్తాను. రివెట్టుకీ రివెట్టుకీ మధ్య కనీసం మూడు రెట్ల మందం దూరం, అంచుకి రెండు రెట్లు. కొట్టాక తల వెడల్పు రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం రావాలి. ఫర్నిచరు షాపుల వాళ్లు వాడే పాప్ రివెట్లు ఎన్ని కొట్టినా ఇవి కావు.

స్టీలు బ్రాకెట్టో, పైపు ఫ్రేమో అయితే వెల్డింగు మాట వస్తుంది. మన దగ్గర వెల్డింగ్ షాపులో ఇది చూపిస్తే, "ఏటి బావూ, ఈ పాటి బీటకి కొత్త ముక్క దేనికి, రెండు చుక్కలేసి పడేస్తాను" అంటారు. మంచి మనసుతోనే అంటారు, గేట్లకీ ట్రాక్టరు ట్రాలీలకీ అది సరిపోతుంది కూడా. విమానంలో ఉన్నది 4130 క్రోమోలీ (గట్టి మిశ్రమ స్టీలు) పైపు. నార్మలైజ్ చేసిన పలుచని 4130 పైపు లాగుడు బలం 95 వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అది శాశ్వతంగా వంగడం మొదలయ్యేది 75 వేల దగ్గర. మామూలు ఎంఎస్ పైపు 36 వేల దగ్గరే లొంగిపోతుంది. బీట మీద చుక్క వేస్తే కింద బీట అలాగే ఉంటుంది. దాన్ని అడుగుదాకా గ్రైండు చేసి, డైతో మళ్లీ చూసి, పూర్తిగా పోయిందని తేలాకే వెల్డు చేయాలి. టిగ్ (ఆర్గాన్ వాయువు కాపుదలలో చేసే వెల్డింగు) కావాలి, ఫిల్లరు తీగ ఈఆర్70ఎస్-2. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి షిప్‌యార్డుకో గల్ఫ్‌కో వెళ్లి పైపు వెల్డింగ్ చేసి వచ్చినవాళ్లు ఉంటారు, అలాంటి చెయ్యి వెతకండి, ముందు అదే మందం పైపు ముక్కల మీద వేయించి, కోసి, వంచి విరగ్గొట్టి చూడండి. వెల్డు చేసేటప్పుడు సముద్రం వైపు తలుపు మూసేయండి. మధ్యాహ్నం దాటాక వచ్చే గాలి ఆర్గాన్‌ని ఎగరగొడుతుంది, పైగా వేడి అతుకుని గబుక్కున చల్లార్చి పెళుసు చేస్తుంది. ఫ్యాను వద్దు, తడి గుడ్డ అసలే వద్దు. దానంతట అది చల్లారాలి. బలపరచడానికి గస్సెట్ (మూలకి వేసే బలపు రేకు) వేస్తే దాని కొస పైపుకి అడ్డంగా ఆగకుండా, పైపు పొడవునా సన్నబడుతూ పోవాలి.

అల్యూమినియం లెగ్‌ని వెల్డు చేస్తామనేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి. 7075, 2024 లోహాలకి మామూలు వెల్డింగు పనికిరాదు. 6061-టీ6 వెల్డు అవుతుంది గానీ అతుకు చుట్టూ బలం దాదాపు సగానికి పడిపోతుంది. వంగిన లెగ్‌ని కాల్చి సరిచేయడం కూడా అంతే, లోపలి గట్టిదనం పోతుంది. లెగ్ మీద రాయి తగిలిన గీతలుంటే మాత్రం ఎమరీతో లెగ్ పొడవునా రుద్ది కలిపేయండి, అడ్డంగా రుద్దకండి.

బోల్టులు. గట్టి దెబ్బ తగిలిన గేర్ బోల్టులు చూడ్డానికి బాగున్నా అన్నీ మార్చేయండి. ఏఎన్ బోల్టు తల మీద అడ్డూనిలువూ గీతల గుర్తు ఉంటుంది, లాగుడు బలం 1,25,000 పీఎస్ఐ. బజారులో 8.8 గ్రేడు బోల్టు 800 మెగాపాస్కల్స్, అంటే దాదాపు దగ్గరే కదా అని అడుగుతారు. బలం దగ్గరే, కానీ దాని ఒళ్లు కొలత అంత ఖచ్చితంగా ఉండదు, మర చాలాసార్లు తల దాకా ఉంటుంది, అది ఎక్కడ తయారైందో చెప్పే కాగితం ఉండదు. మర ఉన్న భాగం కన్నం గోడకి ఆనకూడదు, మరలో గాట్లుంటాయి, అక్కడే తెగుతుంది. 12.9 అలెన్ బోల్టు ఇంకా గట్టిది కదా అని వేస్తే ఇంకా ప్రమాదం, అంత గట్టి స్టీలు జింకు పూత వేసేటప్పుడు పెళుసవచ్చు. నైలాన్ నట్టు వేళ్లతో తిరిగిపోతుంటే పారేయండి. టార్క్ విషయానికొస్తే, మామూలు పొడి బిగింపుకి ఏఎన్4కి 50 నుంచి 70 అంగుళాల పౌండ్లు (సుమారు 5.6 నుంచి 7.9 న్యూటన్ మీటర్లు), ఏఎన్5కి 100 నుంచి 140 (11.3 నుంచి 15.8), ఏఎన్6కి 160 నుంచి 190. నట్టు ఇంకా ఆనకముందు మర మీద తిరగడానికే పట్టే బలాన్ని దీనికి కలపాలి. కిట్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే మాన్యువల్‌దే మాట.

బలపరచడంలో ఒక హద్దుంది. ఏదో ఒకటి ముందు లొంగాలి. ముందు లెగ్ వంగాలి, తర్వాత బోల్టు తెగాలి, మనుషులు కూర్చున్న చోటూ పెట్రోలు పైపూ ఆఖరున ఉండాలి. బ్రాకెట్టుని కొండలా చేసి పెడితే చెడ్డ ల్యాండింగ్‌లో గేర్ ఊడిపోకుండా సీటు కింది నేలని చించుకుపోతుంది. లెగ్ కొలతలకి మించిన బలం అతుకులకి ఎంత ఇస్తున్నారో డిజైనర్‌ని అడగండి.

ఉప్పుగాలి గురించి మన తీరంలో విడిగా చెప్పాలి. భోగాపురం, కళింగపట్నం వైపు విమానం ఉంచితే స్టీలు బ్రాకెట్టు అల్యూమినియంకి ఆనుకున్న ప్రతి చోటా లోపల తెల్లటి చిలుము పడుతుంది, బయటికి కనబడదు. బిగించేముందు రెండు ముఖాలకీ ఎపాక్సీ ప్రైమర్ వేసి, మధ్యలో సీలెంట్ పచ్చిగా ఉండగానే కలిపి బిగించండి. మూసేసే పైపుల్లోపల వేడి చేసిన అవిసె నూనె పోసి, అటూఇటూ తిప్పి, వంపేయడం పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూడండి. రబ్బరు తాళ్లుంటే ఎండకీ ఉప్పుకీ తొందరగా చస్తాయి, గుడ్డ తొడుగు వేయండి, పైనూలు తెగి లోపలి రబ్బరు కనబడితే మార్చేయండి. ఇంకొకటి, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ లాంటి తుపానుల్లో కట్టేసి ఉంచిన విమానాన్ని గాలి గంటలకొద్దీ పక్కలకి ఊపుతుంది, ఆ బరువంతా గేర్ అతుకుల మీదే. ఎగరకపోయినా సరే, తుపాను వెళ్లాక ఈ తనిఖీ మొదటినుంచి చేయండి.

బిగించాక పరీక్ష. పూర్తి డ్రాప్ టెస్ట్ (ఎత్తు నుంచి వదిలి చూడటం) విమానం మీద చేయకండి, అది డిజైనరు విడి జిగ్ మీద చేసే పని. పాత పార్ట్ 23 సూత్రంలో ఆ ఎత్తు రెక్క చదరపు అడుగుకి పడే బరువుని బట్టి వస్తుంది. 450 కిలోల విమానానికి 120 చదరపు అడుగుల రెక్క ఉంటే సుమారు 10 అంగుళాలు. ఇంట్లో చేయగలిగింది వేరే. చక్రాల కింద రెండేసి రేకు పలకలు గ్రీజు పూసి పెట్టండి, లెగ్‌లు స్వేచ్ఛగా విచ్చుకోవడానికి. ఖాళీ విమానం దించి ఆక్సిల్ నుంచి ఆక్సిల్‌కి దూరం, బాడీ అడుగు నుంచి నేలకి ఎత్తు రెండు వైపులా రాసుకోండి. సీట్లలో, సామాను చోట, హద్దు దాటకుండా ఇసుక బస్తాలు పెట్టి పూర్తి బరువు చేసి మళ్లీ కొలవండి, ఒక రాత్రి ఉంచి, బస్తాలు తీసి, రెక్కని కాస్త ఊపి మూడోసారి కొలవండి. మొదటి అంకె తిరిగి రాకపోతే ఎక్కడో ఏదో చోటు జారింది, లేదా శాశ్వతంగా వంగింది. వెతికి పట్టుకోండి. రెండు వైపులా ఒకేలా దిగకపోయినా అంతే.

తర్వాత నట్ల మీద టార్క్ సీల్ గీత (నట్టు కదిలితే చీలే రంగు గీత) గీసి, టాక్సీ (నేల మీద నడపడం) మొదలుపెట్టండి, నెమ్మదిగా, తర్వాత వేగంగా, ఎడమకీ కుడికీ మలుపులు, బ్రేకులు. ఆపి మూతలు తీసి గీతలు చీలాయేమో చూడండి. మొదటి ల్యాండింగ్ అయ్యాక ఒకసారి, అయిదు అయ్యాక ఒకసారి, పాతిక గంటలకి ఇంకోసారి బోల్టుల టార్క్ చూసి, ఏ బోల్టు ఎంత తిరిగిందో లాగ్ బుక్కులో తేదీ వేసి రాయండి. ఒకే బోల్టు రెండోసారి కూడా వదులైతే దాన్ని మళ్లీ బిగించి ఊరుకోకండి, ఆ బ్రాకెట్టు విప్పి కన్నం కొలవండి.